అబేట్‌మెంట్ సంగతి తర్వాత, ముందు ఫ్రీపోర్ట్ అడగండి

ప్రశ్న: డాలస్ దగ్గర గోడౌన్ అద్దెకు తీసుకుని, ఇండియా నుంచి సోనా మసూరి, పచ్చళ్లు, కారప్పొడులు తెప్పించి షాపులకు వేస్తున్నాను. సరుకులో 60 శాతం ఓక్లహోమా, లూసియానాలకే పోతుంది. జనవరి 1 నాటికి నిల్వ 6 లక్షల డాలర్ల దాకా ఉంటుంది. పక్క సిటీ వాళ్లు తమ దగ్గరికి మారితే పదేళ్ల ట్యాక్స్ అబేట్‌మెంట్ (ఆస్తి పన్నులో తగ్గింపు) ఇస్తామంటున్నారు. మారమంటారా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: తొందరపడకండి. మీకు ఆస్తి పన్ను పడుతున్నది దేని మీద? జనవరి 1న గోడౌన్లో ఉన్న సరుకు మీద. సిటీ ఇస్తానంటున్నది ట్యాక్స్ కోడ్ 312వ అధ్యాయం కింది ఒప్పందం. కొత్త కట్టడానికీ, కొత్తగా పెట్టే ర్యాకులు, ఫోర్క్‌లిఫ్టుల్లాంటి వాటికీ అది వర్తిస్తుంది. అమ్మకపు సరుకుకు వర్తించదు. పైగా పన్ను బిల్లులో దాదాపు సగం స్కూల్ డిస్ట్రిక్ట్‌దే (బడుల కోసం విడిగా పన్ను వేసే స్థానిక సంస్థ). 2001 నుంచి ఈ అధ్యాయం కింద స్కూళ్లు అబేట్‌మెంట్ ఇవ్వడానికి వీల్లేదు. ఒప్పుకున్న పెట్టుబడి పెట్టకపోతే వదిలేసిన పన్నును వెనక్కి రాబట్టే షరతు కూడా ఉంటుంది. ఉండాల్సిందే, అది ఊరి జనం డబ్బు.

మీకు పనికొచ్చేది ఫ్రీపోర్ట్ మినహాయింపు. టెక్సస్‌లోకి వచ్చిన సరుకు 175 రోజుల్లోగా రాష్ట్రం దాటితే దానిమీద ఆస్తి పన్ను ఉండదు. సాధారణంగా కిందటేడాది ఎంత శాతం బయటికి పంపారో చూసి లెక్క కడతారు. అంటే మీ 6 లక్షల్లో 3 లక్షల 60 వేల మీద పన్ను తప్పిపోవచ్చు. అందుకే ఇన్‌వాయిస్‌లు, ట్రక్కు రసీదులు తేదీలవారీగా దాచండి. ముఖ్యంగా బియ్యం దగ్గర జాగ్రత్త. పాత బియ్యానికి గిరాకీ ఎక్కువని మనవాళ్లు బస్తాలు నెలల తరబడి ఆపుతారు. జూన్ మొదట్లో దిగిన బస్తా డిసెంబరుకల్లా గడువు దాటేస్తుంది. జూన్‌లో వచ్చిన కొత్త ఆవకాయదీ అంతే. ముందొచ్చిన పెట్టెలే ముందు కదలాలి.

ఫ్రీపోర్ట్ అన్ని చోట్లా దొరకదు. సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ దేనికది నిర్ణయించుకుంటాయి. మూడూ ఇచ్చే చోటును వ్యాపారులు ‘ట్రిపుల్ ఫ్రీపోర్ట్’ అంటారు. మారేట్టయితే అలాంటి చోటికే మారండి. మీ ఇప్పటి గోడౌనే అలాంటి చోట ఉందేమో, ముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో (ఆస్తులకు పన్ను విలువ కట్టే ఆఫీసు) కనుక్కోండి. సరుకు వివరాలు తెలిపే ఫారం (రెండిషన్) ఫ్రీపోర్ట్ ఇచ్చే చోట్ల ఏప్రిల్ 1 లోగా, ఫ్రీపోర్ట్ దరఖాస్తు ఏప్రిల్ 30 లోగా ఇవ్వాలి. దరఖాస్తు ఏటా కొత్తగా పెట్టాల్సిందే. ఇదిగాక 2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్న సవరణతో వ్యాపార చరాస్తిపై మినహాయింపు 2,500 నుంచి 1,25,000 డాలర్లకు పెరిగింది.

ఇక లీజు. భవనం పన్ను కూడా మీరే కట్టే ‘ట్రిపుల్ నెట్’ లీజయితే, భవనానికి వచ్చే అబేట్‌మెంట్ వల్ల మీకూ కొంత లాభమే. అయితే ఆ తగ్గింపు మీ అద్దె బిల్లులో కనబడేలా ఓనరు చేత లీజులోనే రాయించుకున్నాకే సంతకం పెట్టండి.