అప్పు చేసి కొన్న స్మాల్‌క్యాప్ యూనిట్లు

ప్రశ్న: నా వయసు 36. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. నెలకు 1,45,000 రూపాయలు చేతికి వస్తాయి. నిజాంపేటలో కొన్న ఫ్లాటుకు ఈఎంఐ 46,000, పాప బడి ఫీజు నెలవారీ లెక్కన 13,000, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు పంపేదానితో కలిపి ఇంటి ఖర్చు 38,000. మూడు స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల షేర్లు కొనే) ఫండ్‌లలో పదేసి వేల చొప్పున 20 నెలలుగా సిప్ (నెలవారీ వాయిదా పెట్టుబడి) కడుతున్నాను. పదమూడు నెలల క్రితం 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల గడువుతో 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, మొత్తం మూడో ఫండ్‌లో ఒకేసారి పెట్టాను. దాని ఈఎంఐ 16,400. ఆ పెట్టుబడి విలువ ఇప్పుడు 5.30 లక్షలు. సిప్‌లలో కట్టిన 6 లక్షలు 5.70 లక్షలుగా ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో 40,000 ఉన్నాయి. మూడు ఫండ్‌ల పోర్ట్‌ఫోలియోలనూ (అవి కొన్న షేర్ల జాబితాలనూ) ప్రతి నెలా ఎక్సెల్‌లో పోల్చి చూసుకుంటున్నాను. వీటిలో ఏ ఫండ్ దగ్గర మంచి షేర్లున్నాయి? చిన్న కంపెనీల ఫండ్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఎందుకుంది? మా బాలానగర్‌లోని ఎంటార్ టెక్నాలజీస్ షేర్లు ఉన్న ఫండ్‌కే డబ్బంతా మార్చుకోవచ్చా? బ్యాంకు మరో 3 లక్షలు టాప్‌-అప్ ఇస్తానంటోంది. ధర తగ్గినప్పుడు ఇంకొన్ని యూనిట్లు కొని సగటు తగ్గించుకోమంటారా? యూనిట్ల తాకట్టుపై రుణం, బంగారంపై రుణం, చిట్టీ, నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌ల గురించి కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన ఎక్సెల్ పట్టికను పూర్తిగా చూశాను. మూడు ఫండ్‌లలోని 180కి పైగా కంపెనీలను రంగాలవారీగా విడదీసి, ఏ నెలలో ఏ వాటా పెరిగిందో, ఏది తగ్గిందో రంగులతో గుర్తుపెట్టుకున్నారు. అంత శ్రద్ధ ఉన్న మీరు సొంత ఇంటి జమాఖర్చును మాత్రం ఒక్క వరుసలో కూడా కూడి చూసుకోలేదు. మీరు రాసిన అంకెలనే కూడితే నెలకు 1,43,400 రూపాయలు కట్టుబాట్లకే పోతున్నాయి, మిగిలేది 1,600. ఖాతాలో ఉన్న 40,000 రూపాయలు మీ ఫ్లాటు ఈఎంఐ ఒక్కదానికైనా చాలవు. ఈమధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఇదే పొరపాటు కనిపిస్తోంది కాబట్టి మీ ఉత్తరాన్ని జవాబు కోసం ఎంచుకున్నాను.

ముందు మీరు అడిగినవాటికి సమాధానం చెబుతాను. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017 అక్టోబరులో ఖరారు చేసిన వర్గీకరణ ప్రకారం, మార్కెట్ విలువలో 251వ స్థానం నుంచి కిందికి ఉన్న కంపెనీలన్నీ స్మాల్‌క్యాప్ కిందికి వస్తాయి. స్మాల్‌క్యాప్ ఫండ్ తన సొమ్ములో కనీసం 65 శాతాన్ని వాటిలో పెట్టాలి. మిగిలిన 35 శాతం విషయంలో మేనేజరుకు స్వేచ్ఛ ఉంది. మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీ ఆరు నెలలకోసారి ఈ జాబితాను సవరిస్తుంది కాబట్టి, నిన్నటి చిన్న కంపెనీ పెరిగి మధ్యస్థాయి కంపెనీ అయినా, ఆ 35 శాతం వెసులుబాటు ఉన్నంతవరకు దానిని ఫండ్ అట్టేపెట్టుకోవచ్చు. మీ పట్టికలో ‘పేరుకు తగని షేర్లు’ అని మీరు ఎర్రరంగు వేసిన వాటిలో కొన్ని ఈ రకంవే. అందులో తప్పేమీ లేదు.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు సంగతి వేరు. చిన్న కంపెనీ షేరులో రోజువారీ లావాదేవీలు తక్కువగా ఉంటాయి. పెద్ద ఫండ్ ఒకటి దానిని హడావుడిగా అమ్మబోతే, ఆ అమ్మకమే ధరను పడగొడుతుంది. మదుపరులు ఒక్కసారిగా యూనిట్లు వెనక్కి ఇచ్చినప్పుడు మంచి షేర్లను చౌకగా తెగనమ్ముకోకుండా ఉండటానికి, నిమిషాల్లో అమ్ముడయ్యే పెద్ద షేర్లను, కొంత నగదును మేనేజరు పక్కన పెట్టుకుంటారు. అంటే మీ డబ్బును చూసుకునే వ్యక్తి ఆ డబ్బులోనే ఒక అత్యవసర నిధిని నడుపుతున్నారు. దానిని మీరు ఎర్రరంగుతో గుర్తించి అనుమానించారు కానీ, అలాంటి ఏర్పాటు మీ ఇంట్లో ఎందుకు లేదని ప్రశ్నించుకోలేదు.

ఈ అమ్మకపు ఇబ్బంది ఊహించి చెబుతున్నది కాదు. చిన్న, మధ్యస్థాయి కంపెనీల ఫండ్‌లు తమ పోర్ట్‌ఫోలియోలో 25 శాతాన్ని, 50 శాతాన్ని అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో 2024 మార్చి నుంచి వెల్లడిస్తున్నాయి. తొలి విడతలోనే కొన్ని పెద్ద స్మాల్‌క్యాప్ ఫండ్‌లకు సగం అమ్మడానికి నెలకు పైగా పడుతుందని తేలింది. అది కూడా అమ్మడానికి అన్నిటికన్నా కష్టమైన అట్టడుగు 20 శాతాన్ని లెక్కలోంచి తీసేసిన తరువాత వచ్చిన అంకె. అంతకుముందే, 2023 జులైలో నిప్పన్ ఇండియా, టాటా సంస్థల స్మాల్‌క్యాప్ ఫండ్‌లు ఒకేసారి పెట్టే పెద్ద మొత్తాలను తీసుకోవడం ఆపేశాయి. వస్తున్న డబ్బుకు తగిన షేర్లు తగిన ధరలో దొరకడం కష్టమైనప్పుడు ఫండ్‌లే వెనక్కి తగ్గే విభాగమిది. మీరు అందులోకి అప్పు సొమ్ముతో వెళ్లారు.

మూడు ఫండ్‌లలో ఏది మెరుగు అన్నది మీరనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. మీ పట్టికలోనే కనీసం రెండు ఫండ్‌లలో ఉన్న కంపెనీలు 41 కనిపిస్తున్నాయి. పెద్ద ఫండ్‌లు కొనగలిగినంత లావాదేవీలున్న చిన్న కంపెనీలు పరిమితం కాబట్టి అవే పేర్లు అన్నిచోట్లా తిరుగుతుంటాయి. మూడు ఫండ్‌లు పెట్టుకున్నందువల్ల మీ రిస్కు మూడు భాగాలుగా విడిపోలేదు. మార్కెట్ పడిన రోజున మూడూ కలిసే పడతాయి, మీ పట్టికలో గత ఏడాది వరుసలు చూస్తే ఆ విషయం మీకే తెలుస్తుంది. పైగా మీరు ప్రతి నెలా పదో తేదీ ప్రాంతంలో తెచ్చుకునే జాబితా గత నెల చివరి రోజు నాటిది. దానిని చూసి ఫండ్ మారేవారు ఎప్పుడూ మేనేజరు వెనకే నడుస్తుంటారు. మారిన ప్రతిసారీ పన్ను లెక్క, ఎగ్జిట్ లోడు (గడువుకు ముందే అమ్మితే కోసుకునే రుసుము) అదనం. ఒక ఫండ్ చాలు. మూడింటిలో మొదటిదాన్ని ఉంచుకోండి. మిగిలిన రెండిటికన్నా దాని పోర్ట్‌ఫోలియోలో తొలి పది కంపెనీల వాటా తక్కువగా, నగదు కాస్త ఎక్కువగా ఉంది, అంతకుమించి ప్రత్యేకత ఏమీ లేదు.

ఎంటార్ విషయంలో మీ అభిమానం అర్థమైంది. అణు, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేసే సంస్థ మన ఊళ్లో ఉండటం గర్వించదగిన సంగతే. అయితే ఆఫీసుకు వెళ్తూ ప్రహరీగోడ చూసినంత మాత్రాన కంపెనీ తెలిసినట్టు కాదు. 2021లో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు ఆ సంస్థ సమర్పించిన పత్రాల్లోనే, ఆదాయంలో పెద్ద భాగం అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ అనే ఒక్క ఖాతాదారు నుంచి వస్తోందని రాసి ఉంది. చిన్న కంపెనీల్లో ఇలాంటి ఆధారపడటం మామూలే. ఫండ్ చాలా కంపెనీల్లో ఒకటి రెండు శాతమే పెట్టి జాగ్రత్తపడేది అందుకే. ఆ ఒకటి రెండు శాతాన్ని చూసి ఫండ్‌ను ఎంచుకోవడం సరికాదు.

ఇక అసలు విషయం. 2018లో నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 సూచీ ఆ ఒక్క ఏడాదిలోనే పాతిక శాతానికి పైగా పడింది. 2018 జనవరి నాటి గరిష్ఠం నుంచి 2020 మార్చి నాటికి సగానికి పైగా విలువ కోల్పోయింది. ఆ పాత గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2021లో. మూడేళ్లకు పైగా ఓపిక పట్టినవారు బయటపడ్డారు. ఓపిక పట్టగలిగినది ఎవరు? ఆ కాలంలో ఈ డబ్బును ముట్టుకోవలసిన అవసరం రానివారు. 2020 మార్చి, ఏప్రిల్‌లలో మార్కెట్ పడింది, జీతాల్లో కోతలు పడ్డాయి, ఆసుపత్రి ఖర్చులూ మొదలయ్యాయి, ఈ మూడూ ఒకే కాలంలో వచ్చాయి. చిన్న కంపెనీల షేర్లు పడే రోజులూ, ఉద్యోగాలు ఊడే రోజులూ చాలాసార్లు ఒకటే అవుతాయి, ఎందుకంటే రెండిటికీ కారణం ఒకటే మందగమనం. మీ జీతం అమెరికా ఖాతాదారుల మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వస్తోంది. రేపు మూడు నెలలు జీతం ఆగితే, 46,000 ఈఎంఐ కోసం మీరు అమ్మేది ఈ యూనిట్లనే, అదీ పడిపోయిన ధరకే. అప్పుడు ఫండ్‌లో ఏ షేర్లున్నాయన్నది మీకు అక్కరకు రాదు.

అందువల్ల మీ ఫలితాన్ని నిర్ణయించేది ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా లేదా అన్నదే. మీ విషయంలో ఆరు నెలల ఖర్చు అంటే ఫ్లాటు ఈఎంఐ, ఫీజు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 97,000 చొప్పున 5.82 లక్షలు. ‘యూనిట్లు అమ్మితే రెండు మూడు రోజుల్లో డబ్బు వస్తుంది కదా, అదే నా అత్యవసర నిధి’ అని మీరు ఒకచోట రాశారు. డబ్బు వస్తుంది, నిజమే. ఎంత వస్తుందన్నది మాత్రం ఆ రోజు మార్కెట్ చెబుతుంది. ఎంత వస్తుందో ముందుగా తెలియని మొత్తాన్ని అత్యవసర నిధి అనరు.

రుణం సంగతికి వస్తే, నాలుగేళ్లలో మీరు ఆ 6 లక్షలకు కట్టేది దాదాపు 7.87 లక్షలు. ఫండ్ ఏటా 14 శాతం పెరిగితేనే మీరు మొదలుపెట్టిన చోట ఉంటారు, ఆపైన లాభం ఉంటే పన్ను. ఈఎంఐ ప్రతి నెలా తప్పదు, రాబడికి అలాంటి నియమం లేదు. మార్కెట్ బాగున్న రోజుల్లో బ్యాంకు ఫోన్ చేసి ఇస్తానన్న డబ్బును చూసి, తిరిగి ఎలా కట్టాలో ఆలోచించకుండా స్మాల్‌క్యాప్‌లో పెట్టడాన్ని పెట్టుబడి అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇప్పుడు నష్టంలో ఉన్నప్పుడు మరో 3 లక్షలు అప్పు తెచ్చి ‘సగటు తగ్గించుకుంటాను’ అంటున్నారు. సగటు తగ్గేది యూనిట్ల కొనుగోలు ధరలో మాత్రమే, అప్పు పెరుగుతుంది, ఈఎంఐ పెరుగుతుంది, ఆ ఈఎంఐ కట్టడానికి మీ దగ్గర 1,600 రూపాయలున్నాయి. వద్దు. ఈ ప్రశ్న మళ్లీ అడగకండి.

చేయవలసింది ఇది. రుణంలో 13 వాయిదాలు కట్టారు కాబట్టి అసలు దాదాపు 4.69 లక్షలు మిగిలి ఉంటుంది. మూడో ఫండ్‌లో ఒకేసారి పెట్టిన యూనిట్లు అమ్మి దానిని తీర్చేయండి. ఏడాది దాటింది కనుక వాటిపై ఎగ్జిట్ లోడు ఉండకపోవచ్చు, పథకం పత్రంలో ఒకసారి సరిచూసుకోండి. ఒకే ఫోలియోలో (ఫండ్ సంస్థ దగ్గరున్న మీ ఖాతాలో) సిప్ కూడా ఉంటే ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, దానిని గుర్తుంచుకుని సంఖ్య వేసుకోండి. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో రుణపత్రంలో చూసుకోండి. ఉన్నా తీర్చడమే మేలు. వచ్చే 70,000 నష్టం దీర్ఘకాలిక మూలధన నష్టం. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ల వరకు దీర్ఘకాలిక లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. నష్టానికి అమ్మాలంటే మీకు బాధగా ఉంటుందని తెలుసు. 5.70 లక్షల సిప్ యూనిట్లు అలాగే ఉంటాయి, మార్కెట్ లేచినప్పుడు అవీ లేస్తాయి.

రుణం తీరగా దాదాపు 60,000 మిగులుతుంది. ఖాతాలోని 40,000తో కలిపితే లక్ష. రెండో ఫండ్‌లో, మూడో ఫండ్‌లో సిప్ ఆపి, మొదటిదానిలో మాత్రం 10,000 కొనసాగించండి. ఆగిన సిప్‌ల 20,000, తీరిన ఈఎంఐ 16,400 కలిపి నెలకు 36,400 మీ చేతిలో ఉంటాయి. బీమా ప్రీమియం పోను నెలకు 30,000 పక్కన పెట్టినా మిగిలిన 4.82 లక్షలు దాదాపు 16 నెలల్లో సమకూరుతాయి. కొంత బ్యాంకులో స్వీప్ డిపాజిట్‌గా (పొదుపు ఖాతాకు కలిపి ఉండే డిపాజిట్‌గా), కొంత లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే ఫండ్‌లో) ఉంచండి. చాలా లిక్విడ్ ఫండ్‌లలో రోజుకు 50,000 వరకు వెంటనే ఖాతాలోకి వచ్చే సదుపాయం ఉంది. ఈ 16 నెలల్లో మార్కెట్ ఎంత పెరిగినా అందులోంచి ఒక్క రూపాయి తీసి ఫండ్‌లో పెట్టకండి.

బీమా: కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున ఉండకపోవచ్చు. మీకు, భార్యకు, పాపకు సొంత పాలసీ తీసుకోండి. నాన్నగారికి మధుమేహం ఉందన్నారు కనుక తల్లిదండ్రులకు విడిగా ఇప్పుడే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, ఆ గడియారం పాలసీ కొన్న రోజున మొదలవుతుంది. గృహరుణం ఉంది కాబట్టి కనీసం ఒకటిన్నర కోటికి టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు.

మీరు అడిగిన మిగిలిన వాటిలో, యూనిట్లను తాకట్టు పెట్టి రుణం తీసుకోవడం మీకు పనికిరాదు, విలువ పడితే మిగతా సొమ్ము కట్టమని అడుగుతారు. బంగారంపై రుణం ఆసుపత్రి అవసరానికి తప్ప షేర్ల కోసం కాదు. చిట్టీ కట్టాలన్న కోరిక నిధి పూర్తయ్యేదాకా ఆపుకోండి. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్ గురించి ఆ తరువాత చూద్దాం, అప్పుడు స్మాల్‌క్యాప్ వాటా మొత్తంలో ఎంతుండాలో కూడా చెబుతాను.

మీ రుణ ఈఎంఐ 5వ తేదీన ఖాతాలోంచి వెళ్తుందని రాశారు. యూనిట్లు అమ్మిన డబ్బు అంతకు ముందే ఖాతాలో పడేలా ఈ వారంలోనే అమ్మకానికి పెట్టండి. బకాయి తీర్చాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్ ఆదేశాన్ని రద్దు చేయించండి. టాప్‌-అప్ కోసం యాప్‌లో ఇప్పటికే అంగీకారం నొక్కి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే బ్యాంకుకు రాతపూర్వకంగా వద్దని చెప్పండి.