ఆర్బిట్రేషన్ సరే, ముందు ఈపీ నేర్చుకోమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో ఆఖరి ఏడాది చదువుతోంది. విదేశీ ప్రభుత్వాల మీద గెలిచిన ఆర్బిట్రేషన్ అవార్డులను (కోర్టు బయట మధ్యవర్తులు ఇచ్చే తీర్పులను) కోర్టుల్లో అమలు చేయించే లాయరు అవుతానంటోంది. ఎల్ఎల్ఎంకి వెంటనే జెనీవా వెళ్లాలట. అప్పు చేయాలి. జడ్జి పరీక్ష రాయమంటే వినడం లేదు. అసలు ఇలాంటి పని ఉంటుందా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: ఉందండీ. మన ప్రభుత్వానికే ఆ సెగ తగిలింది. పాత తేదీల నుంచి పన్ను వేసిన వివాదంలో బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ ఎనర్జీకి 2020 డిసెంబరులో 120 కోట్ల డాలర్లకు పైగా అవార్డు వచ్చింది. డబ్బు రాకపోయేసరికి ఆ కంపెనీ పారిస్‌లో భారత ప్రభుత్వానికున్న ఫ్లాట్ల మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది, న్యూయార్క్‌లో ఎయిరిండియా మీద దావా వేసింది. 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ పన్ను చట్టాన్నే సవరించింది. తర్వాత రాజీ కుదిరింది.

మన ఊళ్లో డిక్రీ చేతికొచ్చాక ఈపీ (దాన్ని అమలు చేయించమనే ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి, బాకీదారు పొలం ఎక్కడుందో వెతుక్కుంటాం కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ బాకీదారు ఒక దేశం. రెండు గడపలు దాటాలి. ఆ దేశాన్ని మన కోర్టుకు పిలవవచ్చా అన్నది మొదటిది. దాని ఆస్తిని తాకవచ్చా అన్నది రెండోది, చాలా కేసులు ఆగేది అక్కడే. ఎంబసీ భవనం, సైన్యం సామగ్రి సాధారణంగా ముట్టుకోనివ్వరు. వ్యాపారానికి వాడే ఆస్తి దొరకాలి. స్పెయిన్ మీద వచ్చిన ఒక అవార్డు విషయంలో ఆస్ట్రేలియా హైకోర్టు 2023లో మొదటి గడప దాటించింది గానీ, ఆస్తి జప్తు వేరే సంగతి అని స్పష్టంగా చెప్పింది.

మన దగ్గరా ఉంది. ఢిల్లీలోని అఫ్గానిస్థాన్ ఎంబసీ పనులు చేసిన కాంట్రాక్టు కంపెనీ అవార్డు గెలిచినా డబ్బు రాక హైకోర్టుకెక్కింది. వ్యాపార ఒప్పందం మీద వచ్చిన అవార్డుకు విదేశీ ప్రభుత్వమన్న రక్షణ అడ్డురాదని, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 86 కింద కేంద్రం అనుమతీ అక్కర్లేదని 2021లో కోర్టు తేల్చింది. అమ్మాయి ముందు ఈ తీర్పు చదవాలి. సీపీసీని బోరింగ్ సబ్జెక్టు అనుకునే పిల్లలకు ఈ రంగం పనికిరాదు.

అందుకే జెనీవా అప్పు ఇప్పుడే వద్దంటాను. ఈ పని ఎక్కువగా లండన్, పారిస్, వాషింగ్టన్, సింగపూర్ సంస్థల్లో ఉంటుంది. తాజా డిగ్రీ ఒక్కటే పట్టుకెళ్తే అక్కడ చోటు దొరకడం కష్టం. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఈపీలు, ఆర్బిట్రేషన్ కేసులు చూసే సీనియర్ దగ్గర మూడేళ్లు జూనియర్‌గా చేయమనండి. సీపీసీలో డిక్రీల అమలు గురించి చెప్పే ఆర్డర్ 21 చేతిలో ఆడాలి. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రంలో ఇంటర్న్‌షిప్‌కి ప్రయత్నించవచ్చు. ఫ్రెంచ్ మాత్రం ఈ నెలే మొదలెట్టాలి, పారిస్ కేసులకు అది తప్పదు.

జడ్జి పరీక్ష గురించి గొడవ వద్దు సార్. సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు ఎలాగూ చెప్పింది. ఆ మూడేళ్లు ఇద్దరి కోరికకూ పనికొస్తాయి.