స్లయిడ్ గిటార్ గరగర

ప్రశ్న: అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బాణీలో గిటార్ వాయిద్దామని గాజు స్లయిడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) కొన్నాను. శ్రుతి తగ్గి పలుకుతోంది, తీగలు గరగరమంటున్నాయి. ఎందుకని?

జవాబు: స్లయిడ్‌ను రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల) మధ్య పెడుతున్నట్టున్నారు. అది సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైనే ఉండాలి. ఆనించండి చాలు, నొక్కితే తీగ కమ్మీకి తగిలి గరగరమంటుంది. చిటికెన వేలికి తొడిగి, వెనకవేళ్లను తీగల మీద తేలిగ్గా ఆనిస్తే అదనపు మోత ఆగుతుంది. ఓపెన్ జీ శ్రుతికి (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినా జీ మేజర్ కార్డ్ పలికే శ్రుతి) 6, 5, 1 తీగలను (1 అన్నిటికన్నా సన్నది) రెండేసి ఫ్రెట్ల మేర దించండి. సన్నతీగలైతే మరీ వదులవుతాయి, లావువి వేయించండి.

మడ్డీ ఈ విద్యను బ్లూస్ గిటారిస్టు సన్ హౌస్ వాయిస్తుంటే చూసి పట్టారు. 1941లో మిసిసిపీలోని స్టోవాల్ తోటలో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ మడ్డీని రికార్డు చేసినప్పుడు మడ్డీ చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ కాని మామూలు గిటారే. 1943లో షికాగో చేరాక, బార్ల గోలలో వినబడక ఎలక్ట్రిక్‌కు మారారు. మీకిప్పుడే ఆంప్లిఫయర్ అక్కర్లేదు.