ముందు కరెంటు సంగతి చూడు, తర్వాత సబ్సిడీ

కోడలా,

మీ సంఘం వాళ్ళంతా కలిసి కొర్రలు, సామల పొట్టు తీసే యూనిట్ పెడదామనుకుంటున్నారని, గ్రాంట్‌కు ఎలా పెట్టుకోవాలో చెప్పమని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

గ్రాంట్ అంటే డబ్బు చేతికి వస్తుందని మీలో చాలామంది అనుకుంటున్నట్టుంది. రాదమ్మా. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది, ఒక్కరు పెట్టుకుంటే 10 లక్షల దాకా, సంఘాలకైతే 3 కోట్ల దాకా, కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడిన సబ్సిడీ. 20 లక్షల యూనిట్ అనుకో. 2 లక్షలు మీరు పెట్టాలి, 18 లక్షలు బ్యాంకు ఇస్తుంది, సబ్సిడీ 7 లక్షలు బ్యాంకులోనే వేరే ఖాతాలో పడి మూడేళ్ళు ఉంటుంది, మీరు కిస్తులు సరిగ్గా కడితేనే అప్పులో జమవుతుంది. ఈ ఒక్క ముక్క సంఘం మీటింగులో అందరి ముందూ చదివి వినిపించు, రేపు ఎవరూ "మా వాటా సబ్సిడీ ఏది" అని నిన్ను నిలదీయకుండా. పథకం గడువు 2025-26 దాకానే పొడిగించారు కాబట్టి కాగితాలు మొదలుపెట్టే ముందు ఇంకా ఉందో లేదో కనుక్కో. డీపీఆర్, అంటే బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు నివేదిక, రాయించడానికి బ్రోకర్లకు రూపాయి ఇవ్వకు, ఆ పనికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు, వాళ్ళకు ప్రభుత్వమే ఇస్తుంది. స్థలం ఖరీదు ప్రాజెక్టు ఖర్చులోకి రాదు, అది వేరే చూసుకోండి.

ఇక అసలు సంగతి. మేము మా సంఘం యూనిట్ పెట్టినప్పుడు మిషన్ రేటు, షెడ్డు రేటు అన్నీ రాశాం, మిషన్ నడవడానికి కావలసిన త్రీ ఫేజ్ కనెక్షన్ రాయలేదు. మిషన్ వచ్చాక చూస్తే షెడ్డుకు ఉన్నది సింగిల్ ఫేజ్. డిపాజిట్టు, స్తంభాలు, లైను అన్నీ కలిపి సంఘం పొదుపులోంచే తీయాల్సి వచ్చింది, నాలుగు నెలలు మిషన్ టార్పాలిన్ కిందే ఉంది, కిస్తు మాత్రం మొదలైపోయింది. ఆ నాలుగు నెలలు నాకు నిద్ర లేదు. అందుకే కొటేషన్ తెచ్చుకునే రోజే కరెంటు ఆఫీసుకు వెళ్ళి అంచనా రాయించుకో, డీపీఆర్‌లో పెట్టించు.

రెండోది కళ్ళం. గింజ తడిగా ఉంటే ఎంత మంచి మిషన్ అయినా పొట్టు వదలదు, పైగా నూక అయిపోతుంది. రెండు గింజలు పంటి కింద పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నొక్కుకుపోతే ఇంకో రోజు ఎండబెట్టించు. బాగా ఆడినా క్వింటా కొర్రలకు 60, 70 కిలోల మధ్యే బియ్యం వస్తాయి, లెక్క దాని మీద వేసుకో. రాళ్ళు తీసే మిషన్ తప్పనిసరి, ఒక్క రాయి తగిలిందంటే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ కొనరు.

పొట్టు తీసిన బియ్యం ఎక్కువ కాలం నిలవ ఉండవు, చేదెక్కి వాసన వస్తుంది. గింజను పొట్టుతోనే దాచి ఆర్డర్ వచ్చినప్పుడే ఆడించు. అలా దాచాలంటే కోతలప్పుడు గింజ కొనడానికి డబ్బు కావాలి, చాలా యూనిట్లు ఇక్కడే పడిపోతాయి. ఇదే పథకంలో సంఘం సభ్యులకు మనిషికి 40 వేల దాకా తొలి పెట్టుబడి (సీడ్ క్యాపిటల్) కింద ఇస్తారు, దాన్ని వదలకు. గోదాం కట్టాలనుకుంటే వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది.

ఒకసారి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి వెళ్ళి, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ ధరణి సహకార సంఘం, చిరుధాన్యాలు ఆడించి అమ్మే రైతుల సంఘం, చూసి రండి, నలుగురూ కలిసి వెళ్ళండి, మిషన్ నడిపే పిల్లను తప్పకుండా తీసుకెళ్ళు. కంపెనీ వాడు చూపించే డెమో వేరు, రోజూ దుమ్ములో నిలబడి నడిపే వాళ్ళు చెప్పే మాట వేరు.

ఆదివారం వస్తా. కొటేషన్లు, సంఘం తీర్మానం పుస్తకం, షెడ్డు కరెంటు బిల్లు తీసి పెట్టు.

మీ అత్త