ఫిడేలు మాటెత్తకుండా అప్లై చెయ్యమంటున్నారు

ప్రశ్న: మాది విజయనగరం. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏడో ఏట నుంచీ ఫిడేలు నేర్చుకుంటున్నాను. కంప్యూటర్ సైన్స్ కూడా అంతే ఇష్టం. అమెరికాలో ఈ రెండూ మేజర్లుగా, అంటే ప్రధాన సబ్జెక్టులుగా పెట్టుకుని డిగ్రీ చదవొచ్చని తెలిసినప్పట్నుంచీ అదే ఆలోచన. నాన్న బ్యాంకులో క్లర్కు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది, తమ్ముడు తొమ్మిదో తరగతి. స్కాలర్‌షిప్ లేకపోతే వెళ్లే స్తోమత మాకు లేదు. కన్సల్టెన్సీలో అడిగితే, "మ్యూజిక్ పేరెత్తకండి. ఏం కావాలో తెలియని పిల్ల అనుకుంటారు, వీసా దగ్గర కూడా దెబ్బ తింటుంది" అన్నారు. తెలిసినాయన ఇంకొకరు రెండు మేజర్లకి రెండు స్కాలర్‌షిప్‌లు వస్తాయన్నారు. నాన్నేమో "ఫిడేలు ఇక్కడే వాయించుకోవచ్చుగా, దానికి అమెరికా దేనికి?" అంటున్నారు. అమ్మ భోగాపురం వైపున్న స్థలం అమ్మేద్దామంటోంది. దాని మీద ఇంట్లో పెద్ద గొడవైంది. ఒకప్పుడు నేను వాయిస్తుంటే నాన్న టీవీ సౌండ్ తగ్గించేవారు. ఇప్పుడు గది తలుపు వేసేసుకుంటున్నారు. మాట్లాడి పది రోజులైంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఉత్తరమంతా చదువు గురించీ డబ్బు గురించీ రాసి, చివర్లో టీవీ సంగతి ఒక్క ముక్క రాశావు. నేను అక్కడే ఆగిపోయాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు లెక్కలు తేల్చుకుందాం. మీ ఇంట్లో గొడవ సగం తప్పుడు లెక్కల మీదే నడుస్తోంది.

రెండు మేజర్లకి రెండు స్కాలర్‌షిప్‌లనేది ఉత్తమాట. అమెరికాలో డిగ్రీ చదవడానికి మీలాంటి కుటుంబానికి అక్కరకొచ్చేంత డబ్బు ఎక్కువగా వచ్చేది ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయం నుంచే. అక్కడ పేరున్న ప్రైవేటు కాలేజీలో ఫీజు, హాస్టలు, తిండి, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. మన డబ్బుల్లో 70 లక్షలు, ఆపైనే పడుతుంది. మీ నాన్నగారి జీతం, ఆస్తులు, అప్పులు చూసి "మీరింత పెట్టుకోగలరు" అని కాలేజీ ఒక అంకె తేలుస్తుంది. అవసరమంతా తీరుస్తామని చెప్పే కాలేజీలైతే మిగతాది సర్దుతాయి. నువ్వు ఒక మేజర్ చదివినా రెండు చదివినా ఆ అంకె మారదు. సంగీతం కలిపితే డబ్బు తగ్గుతుందన్న భయం, రెట్టింపవుతుందన్న ఆశ, రెండూ దండగే.

హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి వేళ్ల మీద లెక్కపెట్టగల కాలేజీలు మాత్రం సీటిచ్చేటప్పుడు విదేశీ విద్యార్థి డబ్బు అడిగాడా లేదా అన్నది చూడవు. మిగతా చాలా చోట్ల చూస్తారు. అంటే ఎంత ఎక్కువ సాయం అడిగితే సీటు అంత కష్టం. ఆ చూడని కాలేజీల్లో పోటీ ఎలా ఉంటుందో నువ్వే చదివుంటావు. హార్వర్డ్‌లో నూటికి ఐదుగురికి కూడా సీటు రావట్లేదు. అందుకని అప్లికేషన్లన్నీ అక్కడే పెట్టకు. రెండు మూడు చాలు. మిగతావి విదేశీ పిల్లల అవసరమంతా తీరుస్తామని వెబ్‌సైట్‌లోనే రాసుకున్న చిన్న కాలేజీలకి పెట్టు. సైన్సూ కళలూ కలిపి చదివించే ఇలాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో రెండో ఏడాది చివరిదాకా మేజర్ ఖరారు చెయ్యక్కర్లేదు. అంటే మీ నాన్నా నువ్వూ పది రోజులుగా మాటలు మానేసింది, రెండున్నరేళ్ల తర్వాత నింపాల్సిన గడి గురించి! పెద్ద స్టేట్ యూనివర్సిటీల సంగతి వేరు. వాటిల్లో చాలాచోట్ల కంప్యూటర్ సైన్స్‌లో మొదటే సీటు రాకపోతే తర్వాత మారడం కష్టం. విదేశీ పిల్లలకి అవి ఇచ్చే సాయం కూడా తక్కువే.

ఇప్పుడు ఫిడేలు సంగతి. రెండు చదువులు కలపడానికి అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, ఒకే డిగ్రీలో రెండు మేజర్లు, నాలుగేళ్లు. రెండోది, రెండు వేర్వేరు డిగ్రీలు: ఒక బీఏ, ఒక బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్. దీనికి మామూలుగా ఐదేళ్లు. ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో ఇలాంటిది ఉంది. బోస్టన్ దగ్గర టఫ్ట్స్ యూనివర్సిటీ, న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల కలిసి నడిపేది ఇంకొకటి. ఈ రెండో దారిలో కాలేజీ సీటు వేరు, సంగీతంలో సీటు వేరు, రెండూ రావాలి. సంగీతం సీటుకి ఆడిషన్, అంటే వాయించి చూపించే పరీక్ష ఉంటుంది.

ఆ ఆడిషన్‌లో నిన్ను ఏం వాయించమంటారో చూశావా? బాఖ్ రచన ఒకటి, ఆర్కెస్ట్రాతో వాయించే కచేరీ స్థాయి కన్చెర్టో ఒకటి, స్కేల్స్. నిలబడి, ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని, రాసిన నోట్స్ చూసి నేర్చుకుని వాయించే సంగీతం అది. నువ్వు నేల మీద కూర్చుని, కుడికాలు ముందుకి చాపి, ఫిడేలు తల చీలమండ మీద ఆనించి, తీగలు స-ప-స-పలుగా శృతి చేసుకుని వాయిస్తావు. వాద్యం ఒకటే, చెయ్యి వేరు. పదేళ్లు గమకాలు సాధన చేసిన వేళ్లని మూడు నెలల్లో అటు తిప్పలేవు, తిప్పకూడదు కూడా. కాబట్టి ఐదేళ్ల దారి పక్కన పెట్టు. పైగా చాలా కాలేజీల సాయం ఎనిమిది సెమిస్టర్లతో, అంటే నాలుగేళ్లతో ఆగిపోతుంది. ఐదో ఏడాది డబ్బు ఎవరిస్తారని అడక్కుండా చేరి ఇరుక్కున్న పిల్లల్ని చూశాను.

మొదటి దారి, అంటే బీఏలో సంగీతం ఒక మేజర్, నీకు సరిపోతుంది. అక్కడ సంగీతాన్ని వాయించడమే కాదు, చదువుతారు: చరిత్ర, సిద్ధాంతం, ఇతర దేశాల సంగీతాలు, ధ్వని శాస్త్రం. కనెటికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో 1960ల నుంచీ కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. మృదంగం క్లాసు కూడా ఉంది. అలాంటి చోట నీ వేళ్లు ఎవరికీ వింత కాదు.

అప్లికేషన్‌తో పాటు రికార్డింగ్ పంపే వీలు చాలా కాలేజీల్లో ఉంటుంది. పంపు. సినిమా పాటలు వద్దు. ఒక చిన్న ఆలాపన, ఒక కృతి, మొత్తం పది నిమిషాల లోపు. వినే ఆయనకి రాగం అంటే ఏంటో తెలియకపోవచ్చు కాబట్టి, ఏది ముందే కట్టింది, ఏది నువ్వు అప్పటికప్పుడు అల్లింది అని రెండు వాక్యాల్లో రాయి. ఇంకో మాట. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో కంప్యూటర్ సైన్స్‌నీ సంగీతాన్నీ బలవంతంగా ముడెయ్యకు. "ఏఐతో రాగాలు కనిపెడతాను" అని ఇప్పటికే బోలెడంత మంది రాస్తున్నారు. నీకు రెండు ఇష్టాలున్నాయి, అంతే. వాటికి పెళ్లి చెయ్యాల్సిన పనిలేదు.

కన్సల్టెన్సీ వాళ్ల సలహా నాకు నచ్చలేదని వేరే చెప్పాలా? పదేళ్ల సాధన దాచేస్తే నీ అప్లికేషన్‌లో మిగిలేది మంచి మార్కులున్న ఇంకో ఎంపీసీ అమ్మాయి. అలాంటి వాళ్లు మన రెండు రాష్ట్రాల నుంచే వేలమంది. ఇక వీసా ఆఫీసర్ చూసేది ప్రధానంగా నువ్వు నిజంగా చదువుకే వెళ్తున్నావా, డబ్బు ఎవరు కడుతున్నారు అన్నది. సాయం కాలేజీ ఇస్తే ఆ మొత్తం, వీసా కోసం కాలేజీ పంపే ఐ-20 కాగితం మీదే ఉంటుంది. అప్లికేషన్‌లో ఒకటి, కౌంటర్ దగ్గర ఇంకొకటి చెబితే అదీ అసలు దెబ్బ.

ఉద్యోగం గురించి నాన్నగారికి బెంగ ఉంటే ఇది చెప్పు. చదువయ్యాక ఏ మేజర్‌కైనా 12 నెలలు అక్కడ పనిచేసే వీలుంది, దాన్ని ఓపీటీ అంటారు. సైన్స్, టెక్నాలజీ చదువులకి ఇంకో 24 నెలలు పొడిగింపు. రెండు మేజర్లలో ఒకటి కంప్యూటర్ సైన్స్ అయితే, ఆ పనే చేస్తే, పక్కన సంగీతం ఉందని ఆ పొడిగింపు పోదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లే ఏడాది మళ్లీ చూసుకోండి.

మన దేశం వైపు నుంచి వచ్చే డబ్బు మీద ఇప్పుడు ఆశలు పెట్టుకోవద్దు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, జె.ఎన్. టాటా ఎండోమెంట్, ఇన్‌లాక్స్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్, పేరున్నవి ఏవి చూసినా డిగ్రీ తర్వాతి చదువులకే. టాటా వాళ్లది ముఖ్యంగా రుణం, తిరిగి కట్టాలి. కెనడాలో టొరంటో యూనివర్సిటీ ఇచ్చే పియర్సన్ స్కాలర్‌షిప్ డిగ్రీకే, ఫీజు, పుస్తకాలు, హాస్టలు ఖర్చు భరిస్తుంది. కానీ నీ కాలేజీయే నీ పేరు పంపాలి. మన జూనియర్ కాలేజీల్లో ఎంతమంది ప్రిన్సిపాళ్లకి దాని పేరు తెలుసో! వెళ్లి అడుగు, పోయేదేం లేదు. సింగపూర్‌లో ఫీజు తగ్గించే ట్యూషన్ గ్రాంట్ ఇస్తారు, బదులుగా మూడేళ్లు అక్కడి కంపెనీలో పనిచేస్తానని బాండు రాయాలి.

ఇప్పుడు నీకు రుచించని మాట. ఫిడేలు నేర్చుకోవడానికి అమెరికా అక్కర్లేదన్న మీ నాన్నగారి మాట నిజం. మీ ఊళ్లో సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. చేరడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊరి పిల్ల ఫిడేలు కోసం విమానం ఎక్కుతానంటే ఎవరైనా అదే అడుగుతారు. దానికి నీ దగ్గర జవాబుండాలి. "రెండూ ఒకే చోట, ఒకే డిగ్రీలో, ఎవరినీ బతిమాలకుండా చదువుకోవాలి" అన్నది నీ జవాబైతే మంచి జవాబే. ఇక్కడ సంగీతాన్ని కాలక్షేపం అంటున్నారు కాబట్టి అక్కడికి పారిపోతాను అన్నదైతే మాత్రం ఇంకోసారి ఆలోచించు.

ఎందుకంటే ఇక్కడా దారి ఉంది. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తోంది, క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకపోతే చాలు. ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటింగ్‌తో మానవ శాస్త్రాలు కలిపిన ఐదేళ్ల కోర్సు ఉంది. అందులో సంగీతం మేజర్ కాదు, నిజమే. కానీ ఇలాంటి చోట చేరి, మాస్టారి దగ్గర సాధన సాగిస్తూ, మాస్టర్స్‌కి ఆ టాటా, ఫుల్‌బ్రైట్ తలుపులు తట్టడం చిన్న దారేం కాదు. దీన్ని ఓడిపోయినవాళ్ల దారిలా కాకుండా, అప్లికేషన్ల లిస్టులోనే రాసుకో.

స్థలం మాట. అమ్మతో నెమ్మదిగా చెప్పు: సీటు, సాయం ఎంతో తేలకముందే ఆస్తి అమ్మడం తొందరపాటు. అందులో మీ తమ్ముడి వాటా కూడా ఉందని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వాడికి పద్నాలుగేళ్లు ఉంటాయేమో, ఇంట్లో గొడవంతా వింటూ ఉండుంటాడు. నలుగురూ కూర్చుని, ఏడాదికి ఇంతకు మించి పెట్టలేం అని ఒక అంకె కాగితం మీద రాసుకోండి. స్థలం ముట్టకుండా తేలే అంకె రాస్తే మంచిది. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే ఉత్తరంలో కాలేజీ అడిగేది దానికన్నా ఎక్కువైతే, అది ఏ కాలేజీ అయినా సరే, వద్దనుకోవాలి. ఇది నువ్వే ముందు అనాలి. నువ్వంటే నాన్నగారికి సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ మాట ఇచ్చేదాకా ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్లకు, అందులో సీటొస్తే చేరతానని ముందే సంతకం పెట్టాలి.

ఇక టీవీ దగ్గరికి. కూతురు వాయిస్తుంటే సౌండ్ తగ్గించిన మనిషికి ఫిడేలంటే పడదని నేను నమ్మను. ఆయన తలుపేసుకుంటున్నది సంగీతం వినలేక కాకపోవచ్చు. తను కట్టలేని 70 లక్షల అంకె ఆ సంగీతంతో పాటే వినిపిస్తోందేమో. బ్యాంకులో పనిచేసే మనిషి. రోజూ ఇతరుల పిల్లల ఎడ్యుకేషన్ లోన్ కాగితాలు ఆయన బల్ల మీదుగా వెళ్తుంటాయి. ఏ తండ్రి ఎక్కడ సంతకం పెట్టి ఎలా ఇరుక్కున్నాడో నీకన్నా నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఈ పది రోజుల్లో ఆయన్ని ఒప్పించాలని చూశావు గానీ, ఆయనకి తెలిసింది అడిగినట్టు లేదు.

అడగాల్సిన అవసరం ఎలాగూ వస్తోంది. సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపాలి. అక్టోబరు 1 ప్రాంతంలో తెరుచుకుంటుంది. అందులో ఆయన జీతం, ఐటీ రిటర్నులు, ఫారం-16, ఇంటి లోను బాకీ, ఆ భోగాపురం స్థలం విలువ, అన్నీ కావాలి. నీ ఫిడేలు గురించి అందులో ఒక్క గడీ ఉండదు, పేజీల కొద్దీ ఆయన లెక్కలే. ఫారానికి డాలర్లలో ఫీజు ఉంది, మాఫీ చేస్తారా అని ముందే కాలేజీలకి మెయిల్ పెట్టు, కొన్ని చోట్ల చేస్తారు. ఖాళీ ఫారంలో ఏమేం అడుగుతారో ఒక కాగితం మీద రాసుకుని, రాత్రి ఆయన భోంచేశాక తీసుకెళ్లు. అమెరికా గురించి, మేజర్ల గురించి ఆ రాత్రి ఏం మాట్లాడకు. "నాన్నా, ఇందులో మూడో కాలమ్ నాకు అర్థం కావట్లేదు" అను. తలుపు వేసుంటే తట్టు.