పాత సైకిలును ఇంట్లోనే బాగుచేసుకోవడం: రంగు కంటే ముందు చూడవలసినవి

ఏళ్ల తరబడి మూలన పడి తుప్పు పట్టిన సైకిలును తక్కువ ఖర్చుతో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, ముందుగా రంగు వేయించాలా అని మీరు అడిగారు. నిస్సందేహంగా బాగుచేసుకోవచ్చు, కానీ రంగు చివరి పని. చాలా సైకిళ్లకు అసలు అవసరమే ఉండదు. మా మేనమామ వాడి వదిలేసిన సైకిలును పూర్తిగా విప్పి బిగించిన అనుభవంతో చెబుతున్నాను: పైకి కనిపించే తుప్పు వల్ల జరిగే నష్టం తక్కువ, లోపల ఎండిపోయిన గ్రీజు వల్లా, బీటలు వారిన రబ్బరు వల్లా జరిగేది ఎక్కువ. అందుచేత చేతిలో ఉన్న డబ్బును టైర్లకు, బ్రేకులకు, చైనుకు, బేరింగులకు కేటాయించి, మిగిలితేనే అందం సంగతి ఆలోచించండి.

పైసా ఖర్చు పెట్టకముందే ఫ్రేమును పరీక్షించాలి. హ్యాండిల్ దిగే గొట్టం నుంచి పెడళ్ల వైపు వాలుగా సాగే గొట్టం అడుగుభాగాన్ని వేలితో తడిమి చూడండి. అక్కడ రంగు ముడతలు పడి ఉన్నా, ఇనుము ఉబ్బినట్టు తగిలినా, ఆ సైకిలు ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దుకుందని అర్థం. తరువాత వెనక ఇరుసు కూర్చునే గాడికి ఒక దారం కట్టి, దానిని హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి బిగుతుగా లాగి కట్టి, సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. తేడా బాగా కనిపిస్తే ఫ్రేము వంగినట్టే. అతుకుల దగ్గర పగులు కనిపిస్తే మాత్రం ఆ సైకిలు మీద ఇక ఖర్చు పెట్టకండి.

విప్పేటప్పుడు ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది కనుక కుడి, ఎడమల లెక్క పెట్టుకోకుండా, పానాను నిలువుగా పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి. పాత సైకిళ్లలో క్రాంకును, అంటే పెడల్ బిగించే ఇనుప కడ్డీని, పట్టి ఉంచే కాటర్ పిన్ను దగ్గర ఓపిక కావాలి. నట్టును పూర్తిగా తీయకుండా, పిన్ను కొసతో సమానంగా వచ్చేంత వరకే వదులు చేసి, క్రాంకు కింద ఒక బలమైన ఇనుప గొట్టాన్ని నేలకు ఆనించి నిలబెట్టి, అప్పుడు సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేయాలి. నట్టు ఉంటే మర చెడదు, కింద ఆధారం ఉంటే దెబ్బ బేరింగు కప్పుల మీద పడదు.

చక్రాల ఇరుసుల మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. చక్రాన్ని గుడ్డ మీద పడుకోబెట్టి, ఇరుసు మీద బాల్స్‌ను పట్టి ఉంచే కోను అనే మర భాగాన్ని విప్పితే, మైనంలా గట్టిపడిన గ్రీజులో ఇరుక్కున్న బాల్స్ బయటపడతాయి. సాధారణంగా వెనక చక్రానికి ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ 9 ఉంటాయి, ముందు చక్రానివి కొంచెం చిన్నవి. అయినా మీరు లెక్కపెట్టి రాసుకోవడమే మంచిది. అన్నిటినీ కిరోసిన్‌తో కడిగి, కోను మీద బాల్స్ తిరిగే చోటును వెలుతురులో చూడండి. నున్నగా మెరిసే గీత ఉంటే పరవాలేదు, గోరుకు గుంటలు తగిలితే కోను మార్చాలి. బాల్స్ చవక కనుక పాతవి చూడటానికి బాగున్నా కొత్తవే వేయండి. గ్రీజు నింపి బిగించాక ఇరుసును వేళ్లతో తిప్పితే గరగరలాడకూడదు, అటూ ఇటూ కదిపితే టకటకలాడకూడదు. పై నట్టు బిగించేటప్పుడు కోను కూడా కదులుతుంది కనుక రెండు పానాలు తప్పవు.

చైనులో ఒక పిన్ను నుంచి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఆ తరువాతి 24వ పిన్ను వరకు దూరం కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది ఎనిమిదో వంతు అంగుళం పెరిగిందంటే చైను మార్చాలి, పళ్ల చక్రాలనూ పరిశీలించాలి. టైరు కొనేటప్పుడు 26 అంగుళాలు అన్న మాటను నమ్ముకోకండి. ఆ పేరుతోనే 559, 590 మిల్లీమీటర్ల వేర్వేరు రిమ్ములు ఉన్నాయి. పాత టైరు పక్కన 37-590 లాంటి అంకె ఉంటే అదే సరైన కొలత. బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు ఎలా ఉన్నా కొత్తవి వేయండి, ఇక్కడ పొదుపు పనికిరాదు.

తుప్పు పట్టిన చిన్న భాగాలను వినెగర్‌లో నానబెట్టి, వంటసోడా నీటితో కడిగి, ఆరిన వెంటనే నూనె రాయాలి. చైనును, స్ప్రింగులను మాత్రం అందులో వేయకండి, ఆమ్లం గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది. మెరుపు పూత ఉన్న రిమ్మును, హ్యాండిల్‌ను నీటిలో తడిపిన అల్యూమినియం రేకు ఉండతో రుద్దితే చాలు. ఫ్రేము మీద రంగు ఊడిన చోట్లను గరుకు కాగితంతో రుద్ది, తుప్పు నిరోధక ప్రైమర్, దానిపైన రంగు పూస్తే సరిపోతుంది.

అన్నీ బిగించాక మొదట కొద్ది దూరమే తొక్కి, చక్రాల నట్లను, హ్యాండిల్‌ను, ముఖ్యంగా కాటర్ పిన్ను నట్టును మళ్లీ బిగించండి. కొత్త పిన్ను కుదురుకునే క్రమంలో ఆ నట్టు వదులవుతుంది, అలాగే తొక్కుతూ పోతే క్రాంకు రంధ్రమే అరిగిపోతుంది.