రెన్ పిట్టల మీద రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. భాషకి వంక పెట్టను. చిక్కల్లా మొదటి పేరాలోనే ఉంది. "రెన్ పిట్టలు దట్టమైన అడవుల్లో నివసిస్తాయి" అని ఒక్క వాక్యంతో దాదాపు 90 జాతుల్ని ఒకే చోట కట్టేశావు. స్కాట్లండ్‌కి పడమట సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవులున్నాయి. అక్కడ చెట్లు లేవు. అయినా కొండరాళ్ల సందుల్లో, పాత రాతిగోడల్లో రెన్ హాయిగా కాపురం చేస్తుంది. అదే జాతి, యురేషియన్ రెన్, హిమాలయాల్లో బండల మధ్య పొదల్లోనూ, యూరప్ తోటల కంచెల్లోనూ కనిపిస్తుంది. పాత ప్రపంచంలో, అంటే యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో, ఉన్న రెన్ ఇదొక్కటే, మిగతావన్నీ అమెరికా ఖండాలవి.

ఈ యురేషియన్ రెన్ పొడవు 9–10 సెంటీమీటర్లు, బరువు పది గ్రాములు అటూ ఇటూ. అంత పిట్టకి అడవంతా ఎందుకు? నేలకి దగ్గరగా సాలీళ్లు, పురుగులు దొరికే ఇరుకు సందు ఉంటే చాలు. కాబట్టి ఆవాసం గురించి రాసేటప్పుడు పటంలోంచి కిందికి దిగు. పిట్ట నేల నుంచి ఎంత ఎత్తులో మేస్తుంది, గూడు దేనికి ఆనించి కడుతుంది, గూటి కింద ఏముంది, ద్వారం ఎటు తిరిగి ఉంది? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా ఏ జాతి మీదా పేరా మొదలుపెట్టకు.

రాక్ రెన్‌నీ కాన్యన్ రెన్‌నీ కలిపి "రాతి ప్రాంతాల పక్షులు" అన్నావు. ఉత్తర అమెరికా పడమటి భాగంలో రెండూ ఒకే లోయలో ఉండొచ్చు, కానీ దేని చోటు దానిదే. ఎండ పడే రాళ్లగుట్టలు, విరిగిపడిన రాతిముక్కల వాలులు రాక్ రెన్‌వి. గూటి ముందు చిన్న చిన్న పలకరాళ్లు తెచ్చి బాటలా పరుస్తుంది. కాన్యన్ రెన్‌ది నిట్టనిలువు రాతిగోడ. పొడవాటి సన్నని ముక్కు, చదునైన తల, వెన్నెముకకి పుర్రె అతుక్కున్న తీరు, ఇవన్నీ పగుళ్లలోకి తలదూర్చి సాలీళ్లని లాగడానికి పనికొస్తాయి. ఒంటి తీరుని చోటుతో ముడిపెట్టి రాశావా, విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి.

చిత్తడి నేలల్లో ఉండే మార్ష్ రెన్‌కి నువ్విచ్చింది రెండే వాక్యాలు. నన్నడిగితే వ్యాసంలో సగం దానికివ్వాలి. నీళ్లలో నిలబడిన జమ్ము కాడల్ని నాలుగైదు కలిపి, తడి ఆకులతో అల్లి, పక్కన ద్వారం పెట్టి గుండ్రటి గూడు కడుతుంది. కింద నీళ్లుండటం ముఖ్యం. మడుగు ఎండితే గుడ్లు తినే జంతువులు నడిచే వచ్చేస్తాయి. మగపిట్ట ఒక్క గూటితో ఆగదు, ఉత్తుత్తి గూళ్లు ఎన్నో కడుతూ పోతుంది. ఆడది తనకి నచ్చినదాన్ని ఎంచుకుని లోపల మెత్తగా పరుచుకుంటుంది, లేదా కొత్తది కట్టుకుంటుంది. ఇంకో సంగతి: పొరుగు గూళ్లలోని గుడ్లని ఇది ముక్కుతో పొడిచి పాడుచేస్తుంది, తన జాతివైనా సరే. "అమాయకమైన చిట్టి పిట్ట" అన్న నీ మాట ఇక్కడ నిలవదు, తీసెయ్.

కాక్టస్ రెన్ దగ్గర నీ తప్పు వేరే రకం. ఎడారి అన్నావు సరే, ఎడారిలో ఎక్కడ? ఎక్కువగా చోయా ముళ్లజెముడు కొమ్మల మధ్య. గడ్డితో సంచిలాంటి గూడు, పక్కనుంచి సొరంగంలాంటి దారి. అమెరికాలోని అరిజోనాలో చూస్తే, చల్లని రోజుల్లో కట్టిన గూటి ద్వారం గాలికి పెడమొహంగా, ఎండలు ముదిరాక కట్టినది గాలి వచ్చే వైపుకి ఉంటుంది. పిల్లలు ఎగిరిపోయినా పని అయిపోదు, రాత్రి పడుకోవడానికి గూళ్లని ఏడాది పొడుగునా వాడుకుంటుంది.

ఆవాసం అంటే రాయీ మొక్కా మాత్రమే కాదు, ఎలుక లేకపోవడం కూడా. ఫాక్‌లాండ్ దీవుల్లోని కాబ్స్ రెన్ తీరపు బండల్లో, కొట్టుకొచ్చిన సముద్రపు నాచులో పురుగుల్ని ఏరుకుంటుంది. పక్క దీవిలో అవే బండలు, అదే గడ్డి ఉన్నా ఎలుకలు చేరిన చోట అది మిగల్లేదు.

పాత పుస్తకాలతో జాగ్రత్త. 2010 వరకు అమెరికా పుస్తకాలు యురేషియన్ రెన్‌తో సహా మూడు జాతుల్ని కలిపి వింటర్ రెన్ అనేవి. ఇప్పుడు ఉత్తర అమెరికా తూర్పు భాగంలోది మాత్రమే వింటర్ రెన్. పడమటి తీరంలో పడిపోయిన మానుల కింద, పెళ్లగిలిన వేళ్ల చాటున తిరిగేది పసిఫిక్ రెన్. హౌస్ రెన్‌ని 2024లో ఉత్తర, దక్షిణ జాతులుగా, కొన్ని దీవి జాతులుగా విడదీశారు. అందుకని "కెనడా నుంచి టియెర్రా డెల్ ఫ్యూగో దాకా ఒకే జాతి" అని, దక్షిణ అమెరికా కొస దాకా లాగిన నీ వాక్యానికి కాలం చెల్లింది. ఆస్ట్రేలియా ఫెయిరీ రెన్, న్యూజిలాండ్‌లో రైఫిల్‌మన్ అనే పిట్ట అసలు రెన్‌ల కుటుంబానివే కావు. నువ్వు జతచేసిన ఆ నీలం ఫెయిరీ రెన్ ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టు.

చివర్లో గూడుపెట్టె కొలతలిచ్చావు కదా, అవి సరిచూడు. హౌస్ రెన్ పెట్టెకి నువ్వు రాసిన 4 సెంటీమీటర్ల రంధ్రం పెద్దది, ఊరపిచ్చుకలు దూరి ఆక్రమిస్తాయి. 2.5 నుంచి 2.9 మధ్య ఉండాలి. రంధ్రం కింద వాలడానికి పుల్ల గుచ్చమన్నావు, అదీ కొట్టెయ్. రెన్‌కి దాని అవసరం లేదు, లాభపడేది పిచ్చుకే. సరిచేసిన ప్రతి పంపేటప్పుడు ప్రతి అంకె పక్కనా అది ఏ జాతిదో, ఏ ప్రాంతంలో కొలిచిందో పెన్సిల్‌తో రాసి పంపు.

ఆశీస్సులతో.